పుట్టింటికి వెళ్ళే సంచిలో ఆ మాత్రలున్నాయా?

పండక్కి పుట్టింటికి బయల్దేరేటప్పుడు మనం ఏం మర్చిపోతాం? పట్టుచీర మర్చిపోం. పిల్లాడి స్వెట్టరు మర్చిపోం. కిందటేడాది సంక్రాంతికి బాపట్ల నుంచి రేపల్లె వెళ్తూ మా చెల్లెలు మర్చిపోయింది గర్భనిరోధక మాత్రల అట్టని. రైలు మారాలి కదా అని తెనాలిలో మా ఇంట్లో ఒక పూట ఆగింది.

"అక్కా, పాత అట్ట నిన్నటితో అయిపోయింది. కొత్తది అక్కడే ఉండిపోయింది. పది రోజులేగా, వెళ్ళగానే మొదలెడతాలే" అంది. డిగ్రీ చదివిన నేను కూడా "సరేలే" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

పండక్కి మరిదిగారూ వచ్చారు. ఫిబ్రవరిలో దానికి నెల తప్పింది.

తర్వాత డాక్టరమ్మ చెబితేగాని మాకు అసలు సంగతి తెలియలేదు. మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటాయి. వాటిలో గర్భాన్ని ఆపేవి 21 తెల్లమాత్రలే. మిగిలిన ఏడూ ఐరన్ మాత్రలు. అంటే ప్రతి నెలా ఏడు రోజులు మందు లేనట్టే. తెల్లమాత్రలు అండం విడుదల కాకుండా ఆపుతాయి. ఏడు రోజుల విరామం వరకూ ఆ రక్షణ నిలుస్తుంది. విరామం పెరిగిందా, అండాశయం మళ్ళీ పనిలో పడుతుంది. మా చెల్లెలి విషయంలో ఏడూ పదీ కలిసి 17 రోజులయ్యాయి! అట్ట మధ్యలో ఒకటి మరిచిపోవడంకన్నా కొత్త అట్ట ఆలస్యం చేయడమే ఎక్కువ ప్రమాదమట.

"రేపల్లెలో ఇంకోటి తెచ్చుకోవచ్చుగా?" అన్నాను. "అందరూ తెలిసినవాళ్ళే, ఏ మొహంతో అడగను?" అంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఇవి ఉచితంగా ఇస్తారు. కానీ అడగడానికి నోరు రాదు.

అమ్మని అడుగుదామా అంటే, అమ్మకి తెలిసింది ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మాత్రలు వాడేవాళ్ళు వందకి ఒక్కరు కూడా లేరు. ఇక పెద్దవాళ్ళు చెప్పేదేముంది? వ్రతానికో పెళ్ళికో బహిష్టు వాయిదాకి వేసుకునే బిళ్ళలే గర్భాన్నీ ఆపుతాయనుకునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. అవి వేరు, ఇవి వేరు.

మాత్రలు మొదలుపెట్టేది నెలసరి వచ్చిన అయిదు రోజుల్లోపు. రాత్రి అన్నాల తర్వాత అని వేళ పెట్టుకుంటే మర్చిపోం. ఒక తెల్లమాత్ర మరిచిపోతే గుర్తురాగానే వేసుకోవాలి, ఆ రోజుది మామూలు వేళకే. ఒకే రోజు రెండు పడ్డా ఫర్వాలేదు. వరసగా రెండో అంతకన్నా ఎక్కువో మరిచిపోతే, వెంటనే ఒకటి వేసుకుని, రోజూ కొనసాగిస్తూ, ఏడు రోజులు నిరోధ్ కూడా వాడాలి. అది మూడో వారమైతే ఐరన్ మాత్రలు వదిలేసి, తెల్లవి అయిపోయిన మర్నాడే కొత్త అట్ట తీయాలి. మా చెల్లెల్లా కొత్త అట్టే ఆలస్యమై, ఈలోగా కలిసి ఉంటే, 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర ఉంది. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది.

బి.పి., కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే తలనొప్పి, కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్ళూ, 35 దాటి పొగతాగేవాళ్ళూ, ఆరునెలల్లోపు బిడ్డకి పాలిచ్చే తల్లులూ ఇవి వాడకూడదు. టి.బి.కి, ఫిట్స్‌కి వాడే కొన్ని మందులు వీటిని పనిచేయనివ్వవు. అందుకే ముందు డాక్టరుకి చూపించుకోవాలి.

బాబు అక్టోబరులో పుట్టాడు. ముద్దొస్తున్నాడు, కాదనను. కానీ మా చెల్లెలి బి.ఎడ్. సగంలో ఆగింది. అత్తగారేమో "ఇద్దరయ్యారుగా, ఆపరేషన్ చేయించుకో" అంటున్నారు. అది ఇంకా ఆలోచిస్తానంది. పాలిస్తోంది కాబట్టి డాక్టరమ్మ హార్మోన్లు లేని 'ఛాయ' మాత్ర ఇచ్చింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. కేలండర్లో ఆది, బుధవారాలకి సున్నాలు చుట్టుకుంది.

ఈ సంక్రాంతికి తెనాలి స్టేషన్లో దిగగానే నేను అడిగిన మొదటి మాట అదే. "ఉన్నాయిలే అక్కా, ముందు పిల్లాణ్ణి పట్టుకో" అంది.