కట్టడం వయసు వేరు, ఆయుష్షు వేరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల్లోని ప్రజోపయోగ భవనాలను పరిశీలిస్తే నిర్మాణ విజ్ఞానానికి చెందిన మూడు తరాలు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది జమీందారీ, బ్రిటిష్ పాలనల నాటి రాయి, ఇటుక, సున్నం కట్టడాల తరం; రెండవది స్వాతంత్ర్యానంతరం బడులు, ఆసుపత్రులు, కార్యాలయాల కోసం విరివిగా లేచిన సిమెంటు కాంక్రీటు స్లాబుల తరం; మూడవది 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడిన కాలం నుంచి వస్తున్న పిల్లర్లు, బీముల చట్రాల తరం. వీటిలో దేన్ని బాగుచేయాలి, దేన్ని కూల్చి కొత్తది కట్టాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా అన్నింటికంటే పాతదానిపైనే మొదటి వేటు పడుతుంది. అయితే కట్టడం ఎన్నేళ్ల క్రితం కట్టారన్నది ఒక విషయం, అది ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందన్నది మరొక విషయం. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లనే గట్టి గోడలను కూల్చివేయటం, బలహీనమైన స్లాబుల కింద పిల్లలు కూర్చోవటం జరుగుతున్నాయి.

ఒకే వాయువు, రెండు ఫలితాలు

సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీటితో విరియబెట్టి, ఇసుక కలిపి గానుగలో నూరితే గచ్చు తయారవుతుంది. గోడలోకి చేరిన ఈ గచ్చు గాలిలోని కార్బన్ డయాక్సైడును నెమ్మదిగా పీల్చుకొని మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా, అంటే తాను పుట్టిన సున్నపురాయిగానే మారుతుంది. ఈ మార్పు ఏళ్ల తరబడి సాగుతుంది కనుక సున్నపు గోడ కాలం గడిచేకొద్దీ గట్టిపడుతుంది. దానిలో ఏర్పడే సన్నని పగుళ్లను కూడా నీటిలో కరిగిన సున్నం మళ్లీ పేరుకొని కొంతవరకు పూడుస్తుంది. ఇటువంటి కట్టడానికి అసలు ప్రమాదం పైకప్పు నుంచి వస్తుంది. కర్ర దూలాల మీద ఇటుకలను నిలువుగా సున్నంలో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు దట్టించే మద్రాసు టెర్రస్ పద్ధతి పాత మద్రాసు రాష్ట్రమంతటా వాడుకలో ఉండేది. అటువంటి కప్పులో తూములు పూడి నీరు నిలిస్తే గోడలోకి చొచ్చుకొని ఉన్న దూలాల కొనలు ఎవరికీ కనిపించకుండా కుళ్లుతాయి. గోడలో మొలిచిన రావి మొక్క, మరమ్మతు పేరుతో పైన పూసిన సిమెంటు కూడా అంతే హాని చేస్తాయి. లోపలి చెమ్మను బయటికి ఆవిరి కానిచ్చే గుణం సున్నానికి ఉంది. సిమెంటు పూత ఆ దారిని మూసివేయటంతో లవణాలు గోడలోనే పేరుకొని ఇటుకను పొడిపొడిగా రాలుస్తాయి.

సున్నాన్ని బలపరిచే ఆ కార్బన్ డయాక్సైడే ఇనుప కడ్డీలున్న కాంక్రీటుకు శత్రువు. కొత్త కాంక్రీటుకు తీవ్రమైన క్షారగుణం ఉంటుంది. దాని పీహెచ్ విలువ 12 నుంచి 13 వరకు ఉండి, కడ్డీ చుట్టూ తుప్పును అడ్డుకునే పలుచని పొరను కాపాడుతుంది. వాయువు లోపలికి చొచ్చుకుపోయేకొద్దీ ఆ విలువ 9 కంటే దిగువకు పడిపోయి రక్షణ పొర నశిస్తుంది. దీనిని కార్బనీకరణం అంటారు. అది చేరే లోతు కాలపు వర్గమూలానికి అనుపాతంలో పెరుగుతుంది. ఉదాహరణకు 25 ఏళ్లలో 20 మిల్లీమీటర్లు చొచ్చుకుపోయిందనుకుంటే, 25 మిల్లీమీటర్ల లోతులో ఉన్న కడ్డీని చేరటానికి మొత్తం 39 ఏళ్లు పడుతుంది. కడ్డీ కింద కవర్ బిళ్లలు సరిగా పెట్టక ఆ లోతు 15 మిల్లీమీటర్లకు తగ్గితే 14 ఏళ్లే చాలు. స్లాబు పోసిన రోజు జరిగిన పది మిల్లీమీటర్ల అలసత్వం పాతికేళ్ల ఆయుష్షును హరించివేస్తుందన్నమాట. తుప్పు మూల ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును పగలదీసి పెచ్చులుగా ఊడదీస్తుంది.

ఈ ప్రాంతానికి ఇక్కడ ఒక అనుకూలత ఉంది. సముద్రానికి దూరంగా, మెట్ట నేలపై ఉండటం వల్ల మచిలీపట్నం, విశాఖపట్నం కట్టడాలను తినేసే ఉప్పుగాలి ఇక్కడికి రాదు. కార్బనీకరణం జరిగినా తడి లేనిచోట తుప్పు మందగిస్తుంది. అందువల్ల ఇక్కడి స్లాబుల్లో నష్టం అంతటా సమంగా కాక, నీరు కారే చోట్ల, అంటే సజ్జాలు, పిట్టగోడల అంచులు, మరుగుదొడ్ల కప్పులు, నీళ్ల ట్యాంకుల కింది భాగాల్లో కేంద్రీకృతమవుతుంది. అటువంటి నష్టాన్ని చాలాసార్లు ఆ భాగం వరకే సరిచేయవచ్చు.

కంటిచూపు చాలదు, కొలత కావాలి

పెచ్చులూడిన కప్పు చూడగానే భయం కలిగిస్తుంది, రంగు వేసిన కప్పు భరోసా ఇస్తుంది. ఈ రెండూ తప్పుదారి పట్టించగలవు. కాంక్రీటును కొద్దిగా పగలగొట్టి ఆ తాజా ముఖంపై ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, క్షారగుణం నిలిచి ఉన్న భాగం గులాబీ రంగుకు మారి, కార్బనీకరణం చెందిన భాగం రంగు లేకుండా ఉండిపోతుంది. దీనితో వాయువు కడ్డీ దాకా చేరిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. అతిధ్వని తరంగాలను కాంక్రీటు గుండా పంపి వేగం కొలిచే పరీక్షలో, 1992 నాటి భారతీయ ప్రమాణం సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు నాణ్యతను ఉత్తమంగా, 3 కిలోమీటర్ల లోపైతే సందేహాస్పదంగా వర్గీకరించింది. అనుమానం మిగిలితే గుండ్రని ముక్కలను కోసి తీసి నలగగొట్టి చూస్తారు. వాటి సగటు బలం నిర్దేశిత బలంలో కనీసం 85 శాతం, ఏ ఒక్క ముక్క బలమైనా 75 శాతానికి తగ్గకుండా ఉండాలని కాంక్రీటు నిర్మాణాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. ఈ కొలతలు లేకుండా ఇచ్చే 'శిథిల భవనం' అన్న ముద్ర అభిప్రాయమే అవుతుంది.

ఖర్చును ఏడాదికి పంచి చూడాలి

కేంద్ర ప్రజా పనుల శాఖ నిర్వహణ నియమావళి ఆర్థిక ఆయుర్దాయాన్ని కాంక్రీటు చట్రాల కట్టడాలకు 75 ఏళ్లుగా, గోడలే బరువు మోసే కట్టడాలకు 55 ఏళ్లుగా లెక్కిస్తుంది. ఇది ఖాతాల కోసం వేసిన అంచనా తప్ప, ఆ ఏడాదిన కట్టడం కూలుతుందన్న జోస్యం కాదు. సరైన పోలిక ఏడాది ఖర్చుల మధ్య జరగాలి. ఒక ఊహాజనిత భవనానికి 3 కోట్లతో మరమ్మతు చేస్తే 20 ఏళ్లు, 10 కోట్లతో కొత్తది కడితే 60 ఏళ్లు నిలుస్తుందనుకుందాం. 6 శాతం వడ్డీతో చూస్తే మరమ్మతు భారం ఏటా సుమారు 26 లక్షలు, కొత్త కట్టడం భారం సుమారు 62 లక్షలు. పాత భవనం నిర్వహణకు ఏటా అదనంగా 36 లక్షలకు మించి ఖర్చయితే తప్ప కొత్తది లాభసాటి కాదు. పర్యావరణ లెక్క కూడా ఇలాగే ఉంటుంది: కొత్త భవనం సగటు కంటే పొదుపుగా ఇంధనం వాడినా, దాని నిర్మాణం వల్ల వాతావరణానికి కలిగిన నష్టం తీరటానికి 10 నుంచి 80 ఏళ్లు పడుతుందని 2011లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది.

గోడ నిలిచినా పని మారినప్పుడు

బలం ఉన్నంత మాత్రాన ప్రతి కట్టడమూ ప్రతి పనికీ పనికిరాదు. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రి చరిత్ర దీనికి పెద్ద ఉదాహరణ. విన్సెంట్ ఎష్ రూపకల్పనలో నిజాం కాలంలో వెలసిన ఆ భవనాన్ని కూల్చాలని 2015లో ప్రభుత్వం తలపెట్టినప్పుడు వారసత్వ పరిరక్షకులు తీవ్రంగా వ్యతిరేకించారు; 2020 జులైలో వాననీరు వార్డుల్లోకి చేరిన తరువాత రోగులను అక్కడి నుంచి తరలించారు; చివరకు 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. ఆపరేషన్ గదులు, ఆక్సిజన్ గొట్టాలు, లిఫ్టులు, అగ్నిమాపక మార్గాలు కోరే నేటి వైద్యం ఒక చోట, చరిత్రను మోసే గోడలు మరొక చోట ఉండవచ్చునన్న ఈ పరిష్కారానికి చేరటానికి పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లలో రోగులు పడిన ఇబ్బందిని తలచుకుంటే, భవనం బలం, దాని ఉపయోగం అన్న రెండు ప్రశ్నలను ఆరంభంలోనే విడదీసి చూడటం ఎంత అవసరమో అర్థమవుతుంది.

మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో 1915లో ఆరంభమైన క్షయ చికిత్సాలయం, స్ట్రెప్టోమైసిన్ అనే మందు రాకముందు, గాలి, వెలుతురు, విశ్రాంతే ప్రధాన చికిత్సగా ఉన్న కాలానికి చెందినది. చికిత్స మారింది కానీ, గాలీ వెలుతురూ ధారాళంగా వచ్చే గదుల అవసరం బడులకు, కార్యాలయాలకు ఎప్పటికీ ఉంటుంది. అదే ఏడాది మదనపల్లెలో పుట్టిన బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలకు, 1919లో రవీంద్రనాథ్ టాగోర్ జనగణమనను ఆంగ్లంలోకి అనువదించిన చోటుగా, ఏ అంచనాపట్టికలోనూ చేరని విలువ ఉంది.

ఎప్పుడు బాగుచేయాలి?

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తొలి దశలో 15,715 పాఠశాలలతో చేపట్టిన నాడు-నేడు కార్యక్రమం మరమ్మతును రాష్ట్రవ్యాప్త విధానంగా మార్చవచ్చని చూపింది. అటువంటి ప్రయత్నానికి ముందు ప్రతి భవనానికీ పరీక్షల నివేదిక, తరువాత క్రమం తప్పని తనిఖీ తోడైతే ఖర్చు పెట్టిన రూపాయి నిలుస్తుంది. నిర్మాణ సమయంలో ఒక రూపాయితో నివారించగలిగే లోపానికి తుప్పు మొదలయ్యేలోగా ఐదు, మొదలైన తరువాత ఇరవై ఐదు, బాగా ముదిరాక నూట ఇరవై ఐదు రూపాయలు ఖర్చవుతుందని ఇంజనీరు డి సిట్టర్ 1984లో ప్రతిపాదించిన ఐదింతల సూత్రం చెబుతుంది. ఆ లెక్కన కుప్పంలో ఇంకా ముప్పై ఏళ్లు నిండని విశ్వవిద్యాలయపు కట్టడాలే ఈనాడు అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధకు అర్హమైనవి. వాటి తూములను ఏటా వానల ముందు శుభ్రం చేయించి, సజ్జాలను పరీక్షించి, పగుళ్లను పూడ్చితే, కూల్చాలా వద్దా అన్న ప్రశ్నను ఒక తరం పాటు వాయిదా వేయవచ్చు.