ఇంటర్ ల్యాబ్ రివిజన్‌కి ‘మైక్రోస్కోప్ ఫోన్’ కొనాలా? దాచేపల్లిలో ఒక ఉల్లిపాయతో చేసిన టెస్ట్

సంక్రాంతికి ఊరెళ్తే ఫోన్ రివ్యూలు రాసేవాడికి సెలవు ఉండదు. హైదరాబాద్‌లో బస్ ఎక్కి, మిర్యాలగూడ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణ దాటి దాచేపల్లిలో దిగాను. ఇంకా బ్యాగ్ కింద పెట్టలేదు, బాబాయి అందుకున్నాడు. "ఏరా, మైక్రోస్కోప్ ఉన్న ఫోన్ వచ్చిందంట కదా. చెల్లికి వచ్చే నెల ప్రాక్టికల్స్. పత్తి డబ్బులు చేతికొచ్చినయ్. ఏది కొనమంటావ్?"

చెల్లి బైపీసీ సెకండ్ ఇయర్. తన కాలేజీ పేరు ఇక్కడ అనవసరం, పరిస్థితి మాత్రం చాలామందికి తెలిసిందే. అరవై మంది పిల్లలు, పనిచేసే మైక్రోస్కోపులు రెండు. సార్ ఫోకస్ చేసి పెడతారు, ఒక్కొక్కళ్లు వంగి చూస్తారు, "కనపడిందా? నెక్స్ట్" అంటారు. అంతే. మిగతాదంతా రికార్డ్. ఆ రికార్డ్‌లో బొమ్మలేమో సీనియర్ అక్క రికార్డ్ చూసి వేసినవి. ఆ అక్క ఎవరిది చూసి వేసిందో!

"నిజంగా కణం చూశావా?" అని అడిగితే, "ఏదో గులాబీ రంగులో కనపడింది అన్నయ్యా, అది కణమో గాలి బుడగో తెలీదు" అంది. ఈ ఆర్టికల్ అక్కడే మొదలైంది.

ముందు బాబాయి అడిగిన ఫోన్ సంగతి. మైక్రోస్కోప్ కెమెరా ఉన్న ఫోన్లు నిజంగానే వచ్చాయి. 2021లో ఒప్పో ఫైండ్ ఎక్స్3 ప్రో 60 రెట్ల మైక్రోలెన్స్‌తో, 2022లో రియల్‌మీ జీటీ 2 ప్రో 40 రెట్ల మైక్రోస్కోప్ కెమెరాతో వచ్చాయి. రెండూ ఫ్లాగ్‌షిప్ రేంజ్. బడ్జెట్ ఫోన్లలో ‘మ్యాక్రో’ పేరుతో ఇచ్చే 2 మెగాపిక్సెల్ కెమెరా వేరే సంగతి. ప్రస్తుతం చెల్లి వాడే ఫోన్‌లో ఉన్నది అదే.

రివ్యూయర్‌గా నాకు ఒక చాదస్తం ఉంది. డబ్బా మీద రాసిన ‘ఎన్ని రెట్లు’ అనే నంబర్‌ని నమ్మను. రెట్లు అనేది బొమ్మని ఎంత పెద్ద స్క్రీన్ మీద చూస్తున్నాం అన్నదాన్ని బట్టి కూడా మారిపోతుంది. ఆన్‌లైన్‌లో కొన్న ఒక యూఎస్‌బీ మైక్రోస్కోప్ నా దగ్గర ఉంది. డబ్బా మీద 1000 రెట్లు అని ఉంటుంది. దాంట్లో మొబైల్ మదర్‌బోర్డ్ మీద సోల్డరింగ్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది గానీ, ఉల్లిపొరలో కేంద్రకం కనపడదు. 1000 రెట్లు అంటే కాలేజీ మైక్రోస్కోప్‌లో పెద్ద ఆబ్జెక్టివ్‌తో వచ్చే 400 కంటే రెండున్నర రెట్లు ఎక్కువ కనిపించాలి కదా!

అందుకే స్కేలుతో కొలిచాం. మీరు కూడా చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. కంపాస్ బాక్స్‌లోని ప్లాస్టిక్ స్కేలుని మ్యాక్రోలో ఫోటో తీయండి. ఫోటో అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు పట్టిందో లెక్కపెట్టండి. ఫోటో వెడల్పు పిక్సెల్స్‌ని దాంతో భాగిస్తే ఒక మిల్లీమీటర్‌కి ఎన్ని పిక్సెల్స్ వచ్చాయో తెలుస్తుంది. చెల్లి ఫోన్ మ్యాక్రో ఫోటో వెడల్పు 1600 పిక్సెల్స్, అందులో పట్టింది సుమారు 40 మిల్లీమీటర్లు. అంటే మిల్లీమీటర్‌కి 40 పిక్సెల్స్. ఉల్లిపొర కణం పొడవు సుమారు 0.3 మిల్లీమీటర్ అనుకుంటే ఒక కణానికి దక్కేది 12 పిక్సెల్స్. పన్నెండు చుక్కలతో ఏ బొమ్మ వేస్తాం?

అదే ఫోన్ మెయిన్ కెమెరాకి 400 రూపాయల క్లిప్ లెన్స్ తగిలించాం. ఇప్పుడు 4000 పిక్సెల్స్ వెడల్పులో 8 మిల్లీమీటర్లే పట్టాయి. మిల్లీమీటర్‌కి 500, అంటే ఒక కణానికి 150 పిక్సెల్స్. ఇటుకలు పేర్చినట్టు కణాల వరుసలు స్పష్టంగా కనిపించాయి. కేంద్రకం మాత్రం చిన్న చుక్క. బెటాడిన్‌ని నీళ్లలో కలిపి ఒక బొట్టు వేస్తే ఆ చుక్క కాస్త తేలింది. అదే బొట్టు బంగాళాదుంప గీకిన గుజ్జు మీద వేస్తే పిండిపదార్థం నీలి నలుపులోకి తిరిగింది. చూసి పిన్ని కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

లైటింగ్ దగ్గర ఒక కామెడీ జరిగింది. స్లైడ్ కింద వెలుతురు కావాలని నా ఫోన్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, దాని మీదే స్లైడ్ ఉంచాం. అద్భుతమైన కణాలు! ఎంత వరుసగా ఉన్నాయో! స్లైడ్ జరిపితే కణాలు జరగలేదు. అవి నా డిస్‌ప్లే పిక్సెల్స్. 400 పీపీఐ స్క్రీన్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 0.06 మిల్లీమీటర్, కణం వెడల్పుతో పోటీపడే సైజే. స్క్రీన్ మీద గాజు గ్లాసు బోర్లించి, దాని మీద స్లైడ్ పెడితే సమస్య పోయింది. పక్కన పుస్తకాలు పేర్చి ఫోన్‌ని వాటి అంచున పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. చేత్తో పట్టుకుని తీస్తే ఊపిరికి కూడా ఫోకస్ పోతుంది.

ఇక అసలు తప్పు. అది నాదే.

క్లిప్ లెన్స్‌తో తీసిన ఫోటోలో ప్రతి కణం అంచు చుట్టూ రెండు గీతలు కనిపించాయి. బయట మందంగా ఒకటి, లోపల సన్నగా ఒకటి. చెల్లి ముఖం వెలిగిపోయింది. "బయటిది కణకవచం, లోపలిది ప్లాస్మా త్వచం!" అని బొమ్మ వేసి లేబుల్స్ కూడా పెట్టేసింది. రికార్డ్‌లోనూ అట్టాగే రెండు గీతలు ఉన్నాయి కాబట్టి డౌటే రాలేదు. నేను ‘సూపర్’ అన్నాను. ఆ ఫోటో ఫ్యామిలీ గ్రూప్‌లో కూడా పడింది.

రాత్రి లాప్‌టాప్‌లో ఫోటో జూమ్ చేస్తే అదే రెండో గీత గాలి బుడగ చుట్టూ ఉంది. దుమ్ము నలుసు చుట్టూ కూడా ఉంది. దుమ్ముకి ప్లాస్మా త్వచం ఎక్కడిది?

అది షార్పెనింగ్ హేలో. ఫోన్ సాఫ్ట్‌వేర్ ఫోటోని ‘క్రిస్ప్’గా చూపించడానికి ప్రతి అంచు దగ్గర ముదురు వైపుని ఇంకా ముదురుగా, లేత వైపుని ఇంకా లేతగా చేస్తుంది. దాంతో అంచు పక్కన లేని గీత పుడుతుంది. సెల్ఫీలో కనురెప్పలకి ఇది అందమే. ల్యాబ్ బొమ్మకి అబద్ధం. పైగా బయాలజీ ఏం చెప్తుంది? ప్లాస్మా త్వచం మందం 7, 8 నానోమీటర్లు. మామూలు లైట్ మైక్రోస్కోప్ విడదీసి చూపించగలిగేదే సుమారు 200 నానోమీటర్ల దాకా. నీళ్లలో ఉన్న ఉల్లి కణంలో త్వచం కవచానికి అతుక్కుని ఉంటుంది. దాన్ని విడి గీతగా కాలేజీ మైక్రోస్కోప్ చూపించలేదు, 400 రూపాయల లెన్స్ అసలే చూపించలేదు. ప్రాక్టికల్స్‌లో ఎగ్జామినర్ "ఈ గీత నువ్వు చూసే వేశావా?" అని అడిగితే చెల్లి "అవును, ఫోటో ఉంది" అనేది. అనిపించింది నేను.

హేలోని పట్టుకునే పద్ధతి ఇది. దాని మందం పిక్సెల్స్‌లో స్థిరంగా ఉంటుంది. అదే కణాన్ని ఇంకా ఎక్కువ మాగ్నిఫికేషన్‌తో తీయండి. నిజమైన భాగం ఐతే కణంతో పాటు అదీ పెద్దదవుతుంది. హేలో మాత్రం అన్నే పిక్సెల్స్ దగ్గర ఆగిపోతుంది. ప్రో మోడ్‌లో రా ఫైల్ తీసే ఆప్షన్ ఉంటే ఇంకా సులువు, అందులో ఈ పూత పడదు. లేకపోతే కనీసం ఏఐ సీన్, ఏఐ ఎన్‌హాన్స్ ఆఫ్ చేయండి.

నేను పెద్ద మాగ్నిఫికేషన్‌కి వాడింది ఫోల్డ్‌స్కోప్. తెలియనివాళ్లకి: స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్ బృందం చేసిన కాగితం మైక్రోస్కోప్. ఆయన మీరట్‌లో పుట్టి ఐఐటీ కాన్పూర్‌లో చదివిన మనిషి. అట్టలా మడిచి కట్టుకోవాలి, మధ్యలో ఒక బుల్లి లెన్స్, దానికి అయస్కాంతంతో ఫోన్ అతుక్కుంటుంది. 2014లో ప్లోస్ వన్ పత్రికలో వాళ్లు వేసిన పేపర్ ప్రకారం విడిభాగాల ఖర్చు ఒక డాలర్ లోపే. మనకి అమ్మే కిట్ ధర అంతకంటే ఎక్కువ. 140 రెట్లు, సుమారు 2 మైక్రాన్ల వివరం అని చెప్తారు. ఫోకస్ చేయడం మాత్రం విసుగు. మొదటి రోజు చెల్లి రెండుసార్లు పక్కన పడేసింది. చేతికి అలవాటయ్యాక కేంద్రకం స్పష్టంగా దొరికింది. నిన్నటి ‘త్వచం’ గీత పెరగలేదన్నది కూడా అందులోనే తేలింది.

"మరి ప్లాస్మా త్వచం ఎప్పటికీ కనపడదా?" అంది చెల్లి, కొంచెం కోపంగా. దానికి సమాధానం వాళ్ల సిలబస్‌లోనే ఉంది, కణద్రవ్య సంకోచం ప్రయోగం. కాలేజీలో రియో ఆకుతో చేయిస్తారు. ఇంట్లో రియో మొక్క లేకపోతే ఎర్ర ఉల్లిపాయ చాలు. ఒక రేకు తీసుకుని లోపలి వైపు తెల్ల పొర కాకుండా బయటి వైపు ఊదారంగు పొర ఒలవండి. ఆ రంగు కణం మధ్యలోని రిక్తికలో ఉంటుంది. నీళ్లలో పెడితే కణమంతా ఊదాగా నిండి కనిపిస్తుంది. అర గ్లాసు నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపి ఒక బొట్టు అంచున వేయండి. రెండో వైపు టిష్యూ పేపర్‌తో పాత నీళ్లు లాగేయండి. వీడియో ఆన్ చేసి కదలకుండా కూర్చోండి.

కొన్ని నిమిషాల్లో ఊదారంగు మూలల నుంచి వెనక్కి జరగడం మొదలైంది. కవచం కదల్లేదు. మధ్యలో ఖాళీ వచ్చింది. ఆ రంగు ముద్దకి ఇప్పుడు ఒక అంచు ఉంది, త్వచం ఉన్నది ఆ అంచు దగ్గరే. అప్పుడు కూడా మనం చూసేది త్వచం మందాన్ని కాదు, అది ఎక్కడుందో మాత్రమే. మంచినీళ్లు వేస్తే మళ్లీ కణం నిండింది. చెల్లి ఆ వీడియోని ముందుకి వెనక్కి పన్నెండుసార్లు జరిపింది. తర్వాత రికార్డ్ తీసి, మామూలు ఉల్లి కణం బొమ్మలో లోపలి గీత చెరిపేసింది. సంతకం అయిన పేజీ. "సార్ అడిగితే?" అన్నాను. "వీడియో చూపిస్తా" అంది.

సమవిభజన దగ్గర మాత్రం ఇంటి సెటప్ చేతులెత్తేసింది. ఉల్లి వేరు కొనలో 16 క్రోమోజోమ్‌లు, వాటి దశలు విడదీసి చూడాలంటే 400 రెట్లు కావాలి, ఆమ్లంతో మెత్తబరిచి రంగు వేసిన స్లైడ్ కావాలి. ఆ ఆమ్లం ఇంట్లోకి తేవద్దు. స్టెప్పులు గుర్తుంచుకోవడానికి అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ సైట్ ఫ్రీగా ఉంది, తక్కువ ర్యామ్ ఫోన్‌లో కాస్త నెమ్మదిగా నడుస్తుంది. అసలు చూపు మాత్రం కాలేజీ మైక్రోస్కోప్‌దే. దానికి ఫోన్ ఇలా పనికొస్తుంది: మెయిన్ కెమెరాని ఐపీస్‌కి ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో నిటారుగా పట్టండి, వెలుతురు గుండ్రం కనిపించగానే స్క్రీన్‌ని నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి. అల్ట్రావైడ్ వద్దు. కాలేజీలో ఫోన్ నిషేధం కాబట్టి చెల్లి ముందుగా సార్‌ని అడిగింది. శనివారం ఒక గంట ఒప్పుకున్నారు. ఒక్కసారి ఫోకస్ చేసిన స్లైడ్ ఫోటోలు క్లాస్ మొత్తానికి వెళ్లాయి, ఏ దశలో ఉందో తెలియని కణాల మీద గ్రూప్‌లో రాత్రి దాకా గొడవ నడిచింది.

సిలబస్‌లో లేనివి రెండు చూశాం, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ముందు గదిలో కుప్ప పోసిన పత్తిలోంచి ఒక పోగు. పత్తి పోగు మొత్తం ఒకే కణం, గింజ పైపొరలోంచి సాగిన ఒక్క కణం. మూడు సెంటీమీటర్ల దాకా పొడవు, వెడల్పు మాత్రం మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు అటూఇటూ. ఫోల్డ్‌స్కోప్‌లో మెలి తిరిగిన రిబ్బన్‌లా ఉంది. రెండోది పండు మిరపకాయ తొక్క లోపలి వైపు పలచగా గీకి చూస్తే, ఎరుపు కణమంతా పరుచుకుని లేదు, చిన్న చిన్న గింజల్లా ఉంది. అవి క్రోమోప్లాస్ట్‌లు. పాఠంలో ఒక లైన్‌లో చదివిన పదం, వాకిట్లో ఎండబెట్టి ఉంది.

కాబట్టి బాబాయికి చెప్పిన మాటే మీకూ: దీనికోసం కొత్త ఫోన్ వద్దు. ఉన్న ఫోన్, క్లిప్ లెన్స్, ఒక డబ్బా స్లైడ్లు, ఎర్ర ఉల్లిపాయ చాలు. మీ పిల్లలకి ఓపిక ఉంటే ఫోల్డ్‌స్కోప్ కలపండి. ‘1000 రెట్లు’ డబ్బాలు సోల్డరింగ్ చేసుకునే నాలాంటివాళ్లకి వదిలేయండి.

ఒక్క ఇబ్బంది ఉంది. 2021-22లో నల్ల తామర పురుగు మిరపని తినేసిన ఏడాది బాబాయి మర్చిపోలేదు. క్లిప్ లెన్స్ అప్పుడే చేనుకి వెళ్లిపోయింది, పూత విదిలించి తెల్ల కాగితం మీద పురుగులు చూస్తున్నాడంట. ప్రాక్టికల్స్ అయ్యేదాకా తిరిగి ఇమ్మని చెల్లి నిన్న ఫోన్‌లో మొత్తుకుంటోంది. ఇంకో లెన్స్ ఆర్డర్ పెట్టాను.