వృత్తి శిక్షణకు బ్యాంకు ఋణము

హైదరాబాదునకు దక్షిణమున బాలాపూరు, నాదర్‌గుల్‌ల సరసనున్న బడంగ్‌పేట ఒకప్పుడు గ్రామ పంచాయతీ. క్రమముగా అది పురపాలక సంఘమై, నగరములో కలిసిపోయినది. సమీపమున 2008లో శంషాబాదు విమానాశ్రయము తెరువబడినది. అటు తరువాత ఇబ్రహీంపట్నము మండలములోని ఆదిభట్లలో విమాన భాగములను తయారుచేయు కర్మాగారములు వెలసినవి. పొలములు ఇండ్ల స్థలములైనవి. పొలము లేని రైతు కుమారునికి ఆ కర్మాగారపు ద్వారమువద్ద పట్టాదారు పాసుపుస్తకము పనికిరాదు; ఫిట్టరు పనియో, వెల్డింగు పనియో వచ్చియుండవలెను. ఆ పని నేర్చుటకు రుసుము కావలెను. రుసుము లేనివాడు అప్పు చేయవలసి వచ్చును. నగరము ప్రాకివచ్చుచున్న ప్రతి గ్రామమునను ఈ ప్రశ్న పుట్టుచున్నది కనుక పంచాయతీ సభ్యులు దీని లోతుపాతులు తెలిసికొనియుండుట అవసరము.

మొదట చూడవలసినది అప్పు అసలు అవసరమా యన్నది. ప్రభుత్వ ఐ.టి.ఐ.లలో రుసుము స్వల్పము. ఎలక్ట్రీషియను, ఫిట్టరు శిక్షణలు రెండేండ్లు, వెల్డరు శిక్షణ ఒక ఏడాది. గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో భోజన వసతులతో సహా శిక్షణ ఉచితము. ఈ సంస్థలను బ్యాంకులే నడపుచున్నవి. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల ధర్మసంస్థయు, సిండికేటు, కెనరా బ్యాంకులును కలిసి ప్రారంభించిన సంస్థయే వీటికి మాదిరి. పోచంపల్లి సమీపమున జలాల్‌పురములో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉన్నది. ఉచితముగా దొరకు విద్యకు అప్పు చేయుట కంటె తెలివితక్కువ వ్యవహారము లేదు. అయినను తెలియకపోవుటచేత అట్లు చేయువారు అనేకులు.

అప్పు తప్పనిసరియైనచో బ్యాంకునే ఆశ్రయింపవలెను. చదువునకు అప్పిచ్చు పద్ధతి క్రొత్తది కాదు. 1963లో కేంద్ర ప్రభుత్వము జాతీయ ఋణ విద్యార్థి వేతనములను వడ్డీ లేకుండ ఈయ నారంభించెను. 2001లో భారతీయ బ్యాంకుల సంఘము విద్యా ఋణములకు ఒక నమూనా పథకమును రూపొందించెను. అందు 4 లక్షల రూపాయల వరకు తాకట్టు అడుగరాదు. చిన్న వృత్తి శిక్షణల కొఱకు ప్రత్యేకముగా 2015 జూలైలో నైపుణ్య ఋణ పథకము వచ్చెను. దానిలో 5,000 మొదలు 1,50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండ ఈయవచ్చును. 2024 జూలైలో ఈ పరిమితిని 7,50,000కు పెంచిరి. అప్పు తిరిగి రానిచో నష్టములో అధిక భాగమును ప్రభుత్వ హామీ నిధి భరించును కనుక బ్యాంకు భయపడనవసరము లేదు. అయితే ఆ హామీ బ్యాంకునకే గాని అప్పు తీసికొన్నవానికి కాదు. అతడు పూర్తిగా చెల్లింపవలసినదే. ఈ సంగతి అపార్థము కాకుండ చెప్పుట సభ్యుల పని.

లెక్క చూడుడు. ఒక యువకుడు ఏడాది శిక్షణకు లక్ష రూపాయలు తీసికొనెననుకొందము. వడ్డీ ఏటికి నూటికి 11 చొప్పున వేయుదము. శిక్షణ కాలములో వాయిదా ఉండదు, వడ్డీ మాత్రము పెరుగుచునే యుండును. ఏడాది చివర బాకీ 1,11,000. దానిని అయిదేండ్లలో తీర్చవలెనన్న నెలకు సుమారు 2,413 రూపాయలు. శిక్షణలో ఉండగనే తండ్రి నెలనెల సుమారు 917 రూపాయల వడ్డీ కట్టుచు వచ్చెనేని, పిదప వాయిదా 2,174కు దిగును. మొత్తము మీద మూడు వేలకు పైగా మిగులును. ఇక అదే లక్షను ఊరి వ్యాపారివద్ద నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో, వడ్డీయే నెలకు 3,000. అనగా బ్యాంకునకు అసలుతో కూడ కట్టు వాయిదాకంటె వ్యాపారికి కట్టు వట్టి వడ్డీ అధికము, అసలు చెక్కుచెదరదు!

అసలైన ప్రమాదము మరియొక చోట ఉన్నది. కొన్ని శిక్షణాలయములు చేరిన దినముననే ఏవో కాగితములపై సంతకము చేయించును. అది రుసుము వాయిదా పద్ధతియని విద్యార్థి తలచును. నిజమునకు అది ఒక ప్రైవేటు ఋణ సంస్థనుండి తీసికొన్న అప్పు. సొమ్ము శిక్షణాలయమునకు చేరిపోవును, బాకీ విద్యార్థి పేర నిలుచును. అతడు మధ్యలో మానినను, చెప్పిన ఉద్యోగము రాకపోయినను, తుదకు శిక్షణాలయమే మూతపడినను, ఆ అప్పు మూతపడదు. సహ ఋణగ్రస్తుడుగా తండ్రి సంతకము చేసియున్నచో తప్పిన వాయిదా ఆయన ఋణ చరిత్రలోనికిని ఎక్కును. మరుసటి యేడు ఆయన ట్రాక్టరు అప్పునకు బ్యాంకునకు పోయినప్పుడు ఇది బయటపడును. కుమారుని కంప్యూటరు చదువు తండ్రి సేద్యమునకు అడ్డుపడుట ఇట్లు!

రిజర్వు బ్యాంకు ఆదేశము ప్రకారము 2024 అక్టోబరు 1 నుండి బ్యాంకులును, ఋణ సంస్థలును వ్యక్తులకిచ్చు ఇట్టి క్రొత్త అప్పులలో ముఖ్యాంశముల పత్రము ఈయవలెను. వడ్డీ, ఇతర ఖర్చులు కలిపి ఏటికి నూటికెంత పడునో అందు ఉండును. అది ఋణగ్రహీతకు అర్థమగు భాషలో ఉండవలెను. తెలుగు ప్రతి అడుగుటకు జంకవలదు. ఉద్యోగము గ్యారంటీయన్న మాట నోటిమాటగా గాక వ్రాతమూలకముగా అడుగవలెను. గత యేడాది అచ్చట నేర్చినవారు ఎక్కడ పనిచేయుచున్నారో ఒకరిద్దరిని స్వయముగా విచారించుట అంతకంటెను మంచిది. శిక్షణకు ప్రభుత్వ గుర్తింపు ఉన్నదా యన్నది బ్యాంకువారు ఎట్లును చూచెదరు. గుర్తింపు లేదని బ్యాంకు నిరాకరించినచో, ఆ నిరాకరణయే ఒక హెచ్చరిక.

మీ నివాసము మా శాఖ పరిధిలో లేదని చెప్పి విద్యా ఋణపు దరఖాస్తును త్రోసివేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే తెలిపియున్నది. ఊరు మండలము మారినను, పురపాలకములో కలిసినను ఈ సాకు చెల్లదు. తిరస్కరించినచో కారణము వ్రాసి ఇమ్మని అడుగవలెను. బ్యాంకునకు ఫిర్యాదు చేసిన 30 దినములలో సమాధానము రానిచో, లేక వచ్చినది తృప్తికరముగా లేనిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు వ్రాసికొనవచ్చును. ఇందుకు రుసుము లేదు. విచారణకు ఫోను సంఖ్య 14448. ఈ సంఖ్యను, జిల్లాలోని ఉచిత శిక్షణ సంస్థ చిరునామాను పదవ తరగతి ఫలితములు వెలువడు దినములలో పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుటకు పెద్ద ఖర్చేమియు కాదు.