ఆరె మొనలో గాడి

చెప్పు తెగితే కాలు ఈడ్చుకుంటూ బస్టాండు పక్కన గొడుగు కింద కూర్చున్న పెద్దాయన దగ్గరికి వెళ్తాం. ఆయన కుడుతున్నంతసేపూ ఫోను చూస్తాం, లేదా వచ్చే బస్సు బోర్డు చదువుతాం. నేనూ ఇన్నేళ్ళూ అదే చేశాను. ఈమధ్య ఒకరోజు ఫోనులో చార్జింగ్ అయిపోయి, వేరే పనిలేక ఆయన చేతుల వైపు చూశాను.

కుడిచేతిలో ఆరె, అంటే తోలుకి కన్నం చేసే చెక్కపిడి పనిముట్టు. దాన్ని చెప్పు మీద ఆనించి, మణికట్టు బలంతో అట్టలోకి దించారు. ఎడమచేయి చెప్పు అడుగున ఎక్కడో ఉంది, దారం పట్టుకుని. ఆరె పైకి వచ్చేసరికి దాని మొనకి దారం ఉచ్చులా తగులుకుని ఉంది. ఆ ఉచ్చులోంచి దారం రెండో కొసని దూర్చి, రెండు చేతులతో రెండువైపులా బిగలాగారు. ఒక కుట్టు పడింది. కింది చేతిని ఆయన ఒక్కసారీ చూసుకోలేదు.

"పెద్దాయనా, ఆ ఆరె ఒకసారి ఇస్తారా?" అంటే వింతగా చూసి ఇచ్చారు. "మొన జాగ్రత్త సారూ" అన్నారు.

మొనకి కాస్త పైన, పక్కవాటుగా, ఒక చిన్న గాడి. సూదికి ఉండే బెజ్జం లాంటిది కాదు, ఒకవైపు తెరిచి ఉన్న కోత. అందులోకి దారం ఎక్కించక్కర్లేదు, తగిలిస్తే చాలు. పని అయ్యాక విడిపించడమూ అంతే తేలిక. ఈ గాడి ఎక్కడెక్కడికి ప్రయాణం చేసిందో ఇంటికి వచ్చి చదువుకుంటుంటే మళ్ళీ ఫోను జోలికి పోబుద్ధి కాలేదు.

అసలు తోలుకి ఆరె ఎందుకు? బట్టయితే పడుగూ పేకా ఉంటుంది. సూది ఆ పోగుల సందులో దారి చేసుకుని దూరిపోతుంది. తోలులో సందులు లేవు. కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు అన్ని దిక్కులా అల్లుకుని, జడలు కట్టిన జుట్టులా ఉంటాయి. మందపాటి తోలులోకి మామూలు సూదిని బలంగా తోస్తే సూది విరుగుతుంది, లేదా వేలిలో దిగుతుంది. అందుకని తోలుపనిలో మొదటినుంచీ రెండు పనులు విడిపోయాయి. దారి చేసే పని ఒకటి, ఆ దారిలో దారం నడిపే పని ఇంకొకటి.

ఆరె తోలుని తొలిచి ముక్క తీసేయదు, పోగులని పక్కకి నెడుతుంది. కుట్టు బిగిశాక ఆ పోగులు మళ్ళీ దగ్గరకి జరిగి దారాన్ని పట్టుకుంటాయి. దారానికి ముందే మైనం రుద్ది ఉంటే పట్టు ఇంకా గట్టిది, నీళ్ళూ త్వరగా దిగవు. గుర్రపు జీనులు కుట్టేవాళ్ళ ఆరెల మొన గుండ్రంగా ఉండదు, పేకముక్క మీది డైమన్ గుర్తులా నాలుగు పలకలుగా ఉంటుంది. దాన్ని వాళ్ళు కుట్టువరసకి ఏటవాలుగా దించుతారు. వరస వెంబడే దించితే చీలికలన్నీ ఒకే గీత మీద పడి, తపాలా బిళ్ళల షీటు చిరిగినట్టు తోలు చిరుగుతుంది. ఈ సంగతి వాళ్ళకి ఏ ఇంజనీరింగ్ కాలేజీ చెప్పలేదు, చిరిగిన జీనులు చెప్పి ఉంటాయి.

ఆరె వయసు చెప్పడం కష్టం. దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో దొరికిన ఎముక ఆరెలు 70 వేల ఏళ్ళ పైబడినవి. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడ్డ మనిషి, 5,300 ఏళ్ళ కిందటివాడు, తన నడుము సంచిలో ఎముక ఆరె పెట్టుకుని కొండ ఎక్కాడు. సంస్కృతంలో దీని పేరు ఆరా. ఋగ్వేదం ఆరో మండలంలో పూషన్ అనే దేవుడి చేతిలో ఆరా ఉంటుంది. ఆ ఆయుధాన్ని తర్వాత ఏ దేవుడి బొమ్మలోనూ నేను చూడలేదు.

యూరప్ చెప్పులవాళ్ళు ఆరెతో దారి చేసి, దారం రెండు కొసలనీ అటునుంచి ఒకటీ ఇటునుంచి ఒకటీ దూర్చేవాళ్ళు. దారం కొసలకి సూదుల బదులు అడవిపంది వెంట్రుకలు కట్టేవాళ్ళు. వంపు తిరిగిన కన్నంలో ఉక్కు సూది తిరగదు, వెంట్రుక తిరుగుతుంది. ఈ కుట్టు చాలా గట్టిది. ఒకచోట దారం తెగినా పక్క కుట్టు ఊడదు. కానీ నెమ్మది పని.

గాడి ఉన్న ఆరె ఆ రెండు పనులనీ మళ్ళీ ఒకటి చేసింది. దిగుతూ దారి చేస్తుంది, ఎక్కుతూ దారం తెస్తుంది. కచ్ ప్రాంతపు మోచీలు, అంటే చెప్పులు కుట్టే కులంవాళ్ళు, ఈ పనిముట్టునే సన్నగా సానపట్టి పట్టు మీదకి తీసుకెళ్ళారు. ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతూ పోతే గొలుసు కుట్టు. రాజదర్బారుల బట్టల మీద పూలూ నెమళ్ళూ ఆ కుట్టుతోనే పూశాయి. ఆ పనికి పేరు ఆరి. మన దగ్గర పెళ్ళి జాకెట్ల మీద వేయించే మగ్గం వర్క్ ఇదే. మగ్గం ముందు కూర్చున్న పనివాణ్ణి చూడండి: పైన కుడిచేతిలో ఆరి సూది, బట్ట అడుగున ఎడమచేతిలో దారం. బస్టాండు దగ్గరి పెద్దాయన చేతులు అచ్చం అలాగే ఉన్నాయి. జాకెట్టుకి వేలల్లో ఇస్తాం, చెప్పుకి పది రూపాయలు బేరమాడతాం.

తూర్పు దేశాల నుంచి ఈ కొక్కెం సూది 18వ శతాబ్దంలో యూరప్ చేరింది. డోలు ఆకారపు చట్రం మీద బట్ట బిగించి కుట్టేవాళ్ళు కాబట్టి ఫ్రెంచివాళ్ళు దానికి తాంబూర్ పని అని పేరు పెట్టారు. పదిహేనో లూయీ రాజు ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ ఆ చట్రం ముందు కూర్చున్న వర్ణచిత్రం లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. ఫ్రాన్సులో ఆంప్లప్వీ ఊరి దర్జీ బార్తెలెమీ తిమోనియే ఇలాంటి పనివాళ్ళని చూసే యంత్రం ఊహించాడు. 1830లో పేటెంట్ తీసుకున్న ఆ కుట్టుమిషన్ సూదికి బెజ్జం లేదు, గాడి ఉంది. సైనికుల దుస్తులు కుట్టడానికి పారిస్‌లో 80 మిషన్లు పెడితే, 1831లో పొట్ట కొడుతున్నాడని దర్జీలు వచ్చి విరగ్గొట్టారు. తిమోనియే పేదవాడిగానే పోయాడు.

అంతకన్నా నాకు నచ్చిన కథ థామస్ సెయింట్‌ది. లండన్‌లో వడ్రంగి. 1790లో ఆయన తీసుకున్న పేటెంట్ చెప్పులూ బూట్లూ చేసే పద్ధతుల గురించీ, వార్నీషుల గురించీ. వాటి మధ్యలో ఒక మిషన్ బొమ్మ ఉంది. ముందు ఒక ఆరె దిగి తోలుకి కన్నం చేస్తుంది, వెనకే మొనలో గాడి ఉన్న సూది దిగి గొలుసు కుట్టు వేస్తుంది. వార్నీషుల కట్టలో పడి ఉన్న ఆ కాగితాన్ని 80 ఏళ్ళకి పైగా ఎవరూ పట్టించుకోలేదు. 1870లలో న్యూటన్ విల్సన్ అనే కుట్టుమిషన్ల వ్యాపారి వెతికి పట్టుకుని, బొమ్మ ప్రకారం మిషన్ చేయించాడు. కొన్ని మార్పులు చేస్తే గానీ అది నడవలేదు. అయినా చరిత్రకారులు మొదటి కుట్టుమిషన్ అని లెక్కపెట్టేది దీన్నే. జాకెట్టు కోసమో చొక్కా కోసమో కాకుండా బూటు కోసం పుట్టింది.

1846లో అమెరికాలో ఇలయాస్ హౌ మొన దగ్గరే బెజ్జం ఉన్న సూదితో పేటెంట్ పొందాడు. ఆయనకి కలలో ఈటెల మొనలకి బెజ్జాలు కనిపించాయని వాళ్ళింట్లో చెప్పుకునేవారట. కల సంగతి ఎలా ఉన్నా, దారం పట్టే చోటు మొన దగ్గర ఉండాలన్నది చెప్పులు కుట్టేవాళ్ళకి మెలకువలోనే తెలుసు. 1858లో లైమన్ బ్లేక్ చేసిన మిషన్ మళ్ళీ కొక్కెం సూదితోనే బూటు అట్టని పైతోలుకి కుట్టింది. ఫ్యాక్టరీ బూటు అక్కణ్ణుంచి మొదలు.

మన ఊళ్ళల్లో ఆరె చెప్పులకే పరిమితం కాలేదు. బావిలోంచి నీళ్ళు తోడే మోట తొండం, ఎద్దుల వారులు, కమ్మరి తిత్తి, అన్నీ దానితో కుట్టినవే. మోట నీళ్ళతో తిన్న తిండిలో ఆరె కష్టం ఉంది. కుట్టిన మాదిగలని మాత్రం ఊరు వెలిలోనే ఉంచింది. జాషువా 'గబ్బిలం'లో కథానాయకుడు చెప్పులు కుట్టి బతికేవాడే. మా బడి విజ్ఞానశాస్త్రం పుస్తకంలో కప్పీ ఉంది, వాలుతలం ఉంది, ఆరె లేదు. ఇప్పటి పిల్లల పుస్తకాలు తీసి చూశాను, వాటిలోనూ లేదు.

మీ చెప్పు తెగినప్పుడు ఆ మొన చూపించమని అడగండి. గాడి బియ్యపు గింజలో సగం కూడా ఉండదు, కళ్ళజోడు పెట్టుకుని చూడాలి. ఎడమచేయి ఏం చేస్తోందో కూడా కిందికి వంగి చూడండి. బేరం మాత్రం ఆడకండి.