ఉద్యానదానము – తోటమాలి జీతము

పట్టణమునకు ఒక ఉద్యానమును దానమిచ్చుటకంటె, ఇచ్చిన ఉద్యానమును తరతరములు పచ్చగా నిలుపుట కష్టతరమను సంగతిని ఇంగ్లండు దేశమందలి డెర్బీ పట్టణవాసులు చాల కాలము క్రిందటనే అనుభవపూర్వకముగా తెలిసికొనిరి. వస్త్రపరిశ్రమవలన భాగ్యవంతమైన కుటుంబమున పుట్టి, ఆ పట్టణమునకు మేయరుగా కూడ పనిచేసిన జోసెఫ్ స్ట్రట్టు, ఏ శ్రమజీవుల కష్టమువలన తన ఇంట సిరి నిలిచెనో వారికి తీరిక వేళ కాలు సాచి నడచుటకైనను తావు లేదని తలచి, పదునొకండెకరముల నేలలో వృక్షవాటిక నొకదానిని నిర్మింపజేసి, 1840 సెప్టెంబరులో దానిని పురజనుల పరము చేసెను. తోటకు రూపకల్పన చేసిన జాన్ క్లాడియస్ లౌడను, ఆ చిన్న స్థలము పెద్దదిగా తోచుటకై బాటల నడుమ మట్టిదిబ్బలు పోయించి, ఒక బాటన పోవువారికి ప్రక్క బాటన పోవువారు కనబడకుండునట్లు చేసెను. జాతులవారీగా చెట్లను నాటించి, వచ్చినవారు వాని పేళ్లను తెలిసికొనుటకును ఏర్పాటు గావించెను.

అంతయు బాగుగనే యున్నది. కాని దాత భూమిని ఇచ్చెను, చెట్లను ఇచ్చెను. వానిని పోషించుటకు నిధిని మాత్రము ఈయడయ్యెను. కావలివాని జీతమునకును, కలుపు తీయు కూలికిని సొమ్ము ఎచ్చటనుండియో రావలెను గదా! అందువలన వారమునకు రెండు దినములు మాత్రమే ఉచితముగా ప్రవేశము కల్పించి, తక్కిన దినములలో రుసుము వసూలు చేసిరి. ఎవరికొఱకు తోట వెలసెనో వారే గేటుకడ పైకము చెల్లింపవలసిన ఈ విచిత్రస్థితి 1882 వఱకు కొనసాగెను.

ఈ విషయమున మన పూర్వులు ఎక్కువ లౌక్యము గలవారని చెప్పవలెను. ద్రాక్షారామ భీమేశ్వరాలయము మొదలగు చోట్ల శాసనములను చూచినచో, అఖండదీపము పెట్టదలచినవారు దీపపు కుందెను ఇచ్చి ఊరకుండక, నిత్యము నేయి సమకూరుటకై ఆవులనో గొఱ్ఱెలనో కూడ సమర్పించి, ధర్మము ఆచంద్రార్కము సాగునట్లు కట్టుదిట్టము చేసినట్లు తెలియును.

ఆధునిక కాలమున ఈ సూక్ష్మమును చక్కగా గ్రహించినది న్యూయార్కు నగరమందలి సెంట్రల్ పార్కు కన్సర్వెన్సీ యను సంరక్షణ సంఘము. ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ అను ఇరువురు 1858లో గీచిన ప్రణాళికననుసరించి రూపొందిన ఆ 843 ఎకరముల మహోద్యానము ప్రజాధనముతో పుట్టినదే. అయినను 1975 ప్రాంతమున నగర ఖజానా వట్టిపోయి దివాలా తీయు స్థితి ఏర్పడగా, పార్కు పనివారి సంఖ్య తగ్గెను; షీప్ మెడో అను పచ్చికబయలు గడ్డి నశించి దుమ్మునేల యయ్యెను; చెరువులు పూడెను; గోడలపై పిచ్చిగీతలు నిండెను; ప్రొద్దు గ్రుంకిన పిమ్మట అటు పోవుటకే జనులు జంకజొచ్చిరి. 1979లో ఆ పార్కు నిర్వాహకురాలిగా నియమింపబడిన ఎలిజబెత్ బార్లో రోజర్స్, మరుసటి యేడు కొందఱు పౌరులతో కలిసి ఈ సంఘమును నెలకొల్పి, చందాలు కూర్చి, ఒక్కొక్క భాగమునే బాగుచేయించుచు వచ్చెను.

వారు విరాళము నడుగు తీరు ముచ్చటైనది. 1986లో ఆరంభించిన బల్లల దత్తత పథకము క్రింద, పదివేల డాలర్లు ఇచ్చినవారు కోరిన నాలుగు మాటలను చిన్న ఫలకముపై చెక్కించి బల్ల వీపునకు బిగింతురు. పెండ్లిరోజు గురుతుగా కొందఱు, గతించిన తల్లిని తలచి కొందఱు బల్లలను దత్తత తీసికొందురు. ఇది పేరుకొఱకు చేయు దానమని నవ్వువారు నవ్వవచ్చును; నాకు మాత్రము అందు తప్పేమియు కనబడదు, ఏలయన ఆ పైకము ఫలకముతో ముగియక బల్లల మరమ్మతునకును, తోట పోషణకును వినియోగమగుచున్నది.

అచ్చట బెథెస్డా టెర్రస్ క్రింది మండపమునకు పైకప్పుగా, ఇంగ్లండులోని మింటన్ కర్మాగారమున చేసిన రంగుల టైల్సు 15 వేలకు పైబడి కలవు. నీరు కారి, వానిని మోయు ఇనుము త్రుప్పుపట్టగా, 1980లలో అన్నిటిని ఊడదీసి, బాగుచేయుటకు సొమ్ము చాలక రెండు దశాబ్దములు దాచియుంచిరి. దాతల చలువవలన అవి 2007లో మరల పైకెక్కినవి. చూచువారి కన్ను వీనిమీదనే నిలుచును. కాని నా మట్టునకు, ఎవరును ఫొటో తీయని పని ఒకటి వీనికంటె ఘనమైనదిగా తోచుచున్నది. పార్కునంతటిని 49 భాగములు చేసి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్క తోటమాలికి అప్పగించిరి. ముఠాలు వచ్చి పనిచేసి పోవుచోట పని చెడినచో తప్పు ఎవరిదో తేలదు. ఇట్లు పంచినచోట ఫలానా పొద ఎండినదేమి, ఫలానా చెత్తడబ్బా పొర్లుచున్నదేమి యని అడుగుటకు ఒక మనిషి దొరకును. ఆ మనిషికి నెలనెలా జీతమిచ్చునదియే నిజమైన ఉద్యానదానము.

2012లో జాన్ పాల్సన్ అను ధనికుడు ఈ సంఘమునకు పది కోట్ల డాలర్లు ఇచ్చి, అందు సగమును శాశ్వతనిధికి చేర్చెను. మెచ్చినవారు ఎందఱో, నొచ్చినవారును అందఱు. ధనవంతుల మేడల నడుమనున్న తోటకే ధనము వచ్చి పడుచుండగా, బ్రాంక్స్ మొదలగు చోట్ల బీదల పేటలలోని పార్కుల గతి యేమని వారడిగిన ప్రశ్న న్యాయమైనది. దాత తన కిటికీనుండి కనబడు చెట్టునకే నీరు పోయును. కనబడని చెట్టునకు పోయవలసినది ప్రభుత్వము. సెంట్రల్ పార్కు విషయమున 1998 నాటి ఒప్పందము ప్రకారము నిర్వహణ సంఘమునదైనను, భూమిపై స్వామ్యము, నియమములు చేయు అధికారము నగరమువే. 2015లో కొన్ని సంపన్న సంఘములు బీదపేటల పార్కులకును చేయూతనిచ్చుటకు సమ్మతించినవి. ఆ సాయము మేలే గాని, పన్నుల సొమ్ము చేయవలసిన పనికి అది బదులు కాజాలదు.

మన పట్టణములలోను పార్కులకు దాతలు లేకపోలేదు. సిమెంటు బల్లల వీపులమీద “జ్ఞాపకార్థము” అను అక్షరములును, ప్రవేశద్వారముల నెత్తిన పాలరాతి పలకలును కనబడుచునే యుండును. తల్లిదండ్రుల పేర అట్టి కట్టడము తలపెట్టిన పాఠకులకు నా మనవి ఒక్కటే: ద్వారము కొంచెము చిన్నదైనను సరే, ఆ సొమ్ములో సగము బ్యాంకున వేసి, దాని వడ్డీ తోటమాలి జీతమునకే చెందవలెనని పత్రము వ్రాయించి మఱీ ఇండు.