గ్యాసు ఎవరిది? నియంత్రణ ఎవరి కోసం?

సహజవాయువు 'జాతి సంపద' అంటారు. ఈ మాటలో 'జాతి' అంటే ఎవరన్న ప్రశ్నకు జవాబు ఉపన్యాసాల్లో దొరకదు, చట్టాల్లో దొరుకుతుంది. అందుకే మన గ్యాసు పరిశ్రమ చరిత్రను నేను చట్టాల వైపు నుంచి చూడదలిచాను.

1956 పారిశ్రామిక విధాన తీర్మానం ఖనిజ తైలాలను ప్రభుత్వ రంగానికే కేటాయించింది. ఆ ఏడాదే ఓఎన్‌జీసీ ఏర్పడింది. అప్పట్లో గ్యాసు చమురు వెంట వచ్చే ఉపపదార్థం. వాడే దారిలేక చాలావరకు మంటపెట్టి తగలేసేవాళ్లు. 1974లో బొంబాయి హైలో నిక్షేపాలు బయటపడ్డాక గ్యాసుకూ విలువ వచ్చింది. 1984లో ఏర్పడ్డ గెయిల్ హజీరా నుంచి జగదీశ్‌పూర్ దాకా పైపులైను వేసింది. ఆ దారిలో ఎరువుల కర్మాగారాలు వెలిశాయి. ధర ప్రభుత్వమే నిర్ణయించేది.

1990ల తర్వాత ప్రైవేటు పెట్టుబడికి తలుపులు తెరిచారు. కంపెనీ తన ఖర్చు ముందుగా రాబట్టుకుంటుంది, మిగిలిన లాభంలో ప్రభుత్వానికి వాటా ఇస్తుంది. ఖర్చు పెరిగినకొద్దీ ప్రజల వాటా వెనక్కి పోతుంది. ఈ లొసుగును 2011లో కాగ్ కూడా ఎత్తిచూపింది. కృష్ణా-గోదావరి సముద్రగర్భంలోని డి-6 గ్యాసుకు 2004 నాటి ఎన్టీపీసీ టెండరులో 2.34 డాలర్లు కోట్ చేసిన కంపెనీకే, 2007లో ప్రభుత్వం 4.20 డాలర్లు ఆమోదించింది. అన్నదమ్ముల కంపెనీల తగాదాలో, గ్యాసు ప్రజలది, ప్రభుత్వం దానికి ధర్మకర్త అని 2010లో సుప్రీంకోర్టు చెప్పాల్సివచ్చింది.

2006లో నియంత్రణ బోర్డు చట్టం వచ్చింది. రవాణా, పంపిణీ, అమ్మకాలు దాని పరిధిలోవి. ఉత్పత్తి మాత్రం దాని పరిధిలో లేదు. అంటే లాభం పుట్టేచోట బోర్డుకు చెయ్యి లేదు.

ఇక పైపు పోయే నేల సంగతి. 1962 చట్టం ప్రకారం భూమి రైతుదే, అందులో పైపు వేసే హక్కు మాత్రం ప్రభుత్వం తీసుకుంటుంది. దాని మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరిచెట్టే బతుకైన కోనసీమలో ఈ చివరి మాటకు అర్థం ఏమిటో వేరే చెప్పాలా? పంట నష్టం వేరుగా ఇస్తారు. కానీ ఆ హక్కుకు చెల్లించేది నోటిఫికేషను నాటి భూమి విలువలో 10 శాతం, అదీ ఒక్కసారి.

2023లో ప్రభుత్వరంగ పాత క్షేత్రాల గ్యాసు ధరను ముడిచమురు ధరలో 10 శాతంగా నిర్ణయించారు. అది నెలనెలా సవరించబడుతుంది. ఇక్కడా పది శాతమే, అక్కడా పది శాతమే. కాకపోతే సరుకు విలువ మార్కెట్టుతో పాటు నడుస్తుంది, రైతు నేల విలువ నోటిఫికేషను తేదీ దగ్గర ఆగిపోతుంది.

1995 జనవరిలో పాశర్లపూడిలో బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ పైపు పగిలి, నిద్రలో వున్న జనం కాలిపోయారు. మృతులు 15 మందికి పైనే. పైపుల భద్రతా ప్రమాణాలు నిర్ణయించే అధికారం బోర్డుకు అప్పటికే వుంది. ప్రమాణం కాగితం మీద వుంది, తుప్పు పైపులో వుంది.

నియంత్రణ అంటే ధర సూత్రాలు మార్చడం మాత్రమే కాదని నా వాదన. తన గడప ముందు పోయే పైపును ఎప్పుడు తనిఖీ చేశారో, ఏం తేలిందో అడిగి తెలుసుకునే హక్కు ఆ ఊరికి వుండాలి. తన నేలకు ఏటేటా అద్దె అడిగే హక్కు ఆ రైతుకు వుండాలి. అవి లేనంతకాలం 'జాతి సంపద' అన్న మాటలో సంపద వుంది గానీ జాతి లేదు.