దూకినవాడిదే తప్పా?

ఎండలు ముదిరాయంటే తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటలకు కాపలా మొదలవుతుంది. చెట్ల నిండా కాయ. కంచె అవతల బడి సెలవులిచ్చిన పిల్లలు. కాపలాదారు అన్నం తినడానికి వెళ్లిన అరగంటలో ఎవరో ఒకరు లోపలికి దూరతారు. జేబులో కాయతో బయటికొస్తే గొడవే లేదు. కానీ తోట మూలన ఓ పాడుబడ్డ బావి ఉంటే? దానికి గట్టు లేక, పైన పిచ్చిమొక్కలు కమ్ముకుని, పిల్లాడు అందులో పడితే? ఊళ్లో వినిపించే మొదటి మాట... 'వాణ్నెవరు వెళ్లమన్నారు?'

చట్టం ఆ ఒక్క ప్రశ్నతో ఆగదు. అక్కడ ప్రమాదం ఉందని యజమానికి తెలుసా? జనం అటు వస్తుంటారని తెలుసా? తెలిసీ ఎందుకలా వదిలేశాడు? అన్నీ అడుగుతుంది.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 1963లో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ న్యాయవాదుల నోట నానుతూనే ఉంటుంది. బీహారులో ఒకరింట్లో మరుగుదొడ్డి గోడ కూలింది. వాళ్లు పక్కింటాయన మరుగుదొడ్డికి వెళ్లడం మొదలుపెట్టారు. ఆయనకది నచ్చలేదు. వద్దన్నాడు. వినలేదు. చివరికి ఆ దారిలో తొడుగు లేని తీగ కట్టి కరెంటు పెట్టాడు. తీగ ఉందన్న హెచ్చరిక కూడా లేదు. పొరుగింటామె దానికి తగిలి ప్రాణం వదిలింది. 'నా అనుమతి లేకుండా నా స్థలంలోకి వచ్చింది, నా ఆస్తిని కాపాడుకునే హక్కు నాకుంది' అన్నది ఆయన వాదన. కోర్టు ఒప్పుకోలేదు. చెప్పకుండా వచ్చినవాళ్లకైనా సరే, ఉద్దేశపూర్వకంగా ప్రమాదం పన్నే హక్కు స్థలం యజమానికి లేదంది. నిర్లక్ష్యంతో మరణానికి కారకుడయ్యాడన్న శిక్షను ఖాయం చేసింది.

అడవి పందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ లాగే రైతులకు ఈ తీర్పు ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును. రాత్రిపూట మోటారు వేయడానికొచ్చే పక్క పొలం రైతును ఆ తీగ గుర్తుపట్టదు కదా! పాత శిక్షాస్మృతిలో ఇలాంటి నేరానికి గరిష్ఠంగా రెండేళ్ల జైలు. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్ దాన్ని అయిదేళ్లకు పెంచింది.

ఇంగ్లండులో స్థలం ఎవరి చేతిలో ఉంటే వారు అక్కడికొచ్చేవారి పట్ల ఎంత జాగ్రత్తగా ఉండాలో చెప్పడానికి 1957లోనే ప్రత్యేక చట్టం చేశారు. మనకు అలాంటిది లేదు. ఇక్కడి సూత్రాలన్నీ కోర్టులు ఒక్కో కేసులో ఒక్కోటిగా పేర్చుకుంటూ వచ్చినవే. వాటిలో పాత ఇళ్లున్న ప్రతివారూ తెలుసుకోవాల్సింది ఢిల్లీ గడియార స్తంభం కేసు. చాందినీచౌక్‌లోని ఆ స్తంభం 1951లో కూలి, దారినపోయేవాళ్ల ప్రాణాలు తీసింది. లోపం పైకి కనిపించలేదు, మాకేం తెలుసన్నారు మునిసిపాలిటీవారు. కట్టి 80 ఏళ్లయింది, ఆ సున్నం ఆయుష్షు 40-45 ఏళ్లేనని నిపుణులు చెప్పారు. అలాంటప్పుడు పరీక్ష చేయించుకోవడం మీ బాధ్యత కాదా అని 1966లో సుప్రీంకోర్టు పరిహారం చెల్లించాల్సిందేనంది. బజారు వైపు ఒరిగిన ప్రహరీ గోడకైనా ఇదే న్యాయం.

మరి తోట కౌలుకిస్తే? మామిడి విషయంలో ఇది మామూలే. పూత మీదే వ్యాపారి తోట మాట్లాడుకుంటాడు, కోతలయ్యేదాకా తోట అతని చేతిలోనే ఉంటుంది. అక్కడేం జరిగినా తనకు సంబంధం లేదనుకుంటాడు యజమాని. అలా కుదరదు. తనకు తెలిసి, కౌలుదారు మామూలుగా చూస్తే కనిపెట్టలేని లోపం ఏదైనా ఉంటే యజమాని ముందే చెప్పి తీరాలంటోంది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. గడ్డిలో దాగిన బావి అలాంటిదే. చెప్పాక కూడా కౌలుదారు కంచె వేయలేదంటే బాధ్యతలో అతనికీ వాటా వస్తుంది.

సాగర్ ఎడమ కాలువ చివరి భూములున్న ఈ మెట్ట ప్రాంతంలో బావుల కంటే బోర్లతోనే భయమెక్కువ. నీళ్లు పడకపోతే కేసింగ్ పైపు పీక్కెళతారు. గొయ్యి మిగులుతుంది. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో అలాంటి గొయ్యిలో పడిన పసిపాప దక్కలేదు. ఆగస్టులో వినుకొండ మండలం ఉమ్మడివరంలో పడిన రెండేళ్ల బాబును అర్ధరాత్రి దాటాక ప్రాణాలతో తీయగలిగారు. నిజానికి 2010లోనే సుప్రీంకోర్టు ఈ విషయంలో మార్గదర్శకాలిచ్చింది. తవ్వడానికి 15 రోజుల ముందు అధికారులకు తెలపాలి. చుట్టూ ముళ్లకంచె వేసి, యజమాని పేరు, తవ్వేవాళ్ల పేరు రాసిన బోర్డు పెట్టాలి. కేసింగ్ చుట్టూ అర మీటరు పొడవు, వెడల్పులతో, నేలపైన 30 సెంటీమీటర్లు, లోపల 30 సెంటీమీటర్లు ఉండేలా సిమెంటు దిమ్మె కట్టాలి. మూతిని ఇనుప పలకతో వెల్డింగ్ చేయాలి, లేదా గట్టి మూత బిగించాలి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. నీళ్లు పడని బోరు మీద ఇంకో రూపాయి పెట్టడానికి చేతులు రావు. గోతులు నోళ్లు తెరుచుకుని ఉండేది అందుకే.

ఇంత ఉన్నా పరిహారం కోసం కోర్టుకెళ్లేవాళ్లు తక్కువ. పోలీసు కేసు నడుస్తోందిగా, డబ్బు కూడా అందులోనే వస్తుందనుకుంటారు చాలామంది. అది వేరు, సివిల్ దావా వేరు. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. కూలి కుటుంబం అక్కడే వెనకడుగేస్తుంది. పెద్దమనుషులు కూర్చోబెట్టి ఎంతో కొంత ఇప్పిస్తే పుచ్చుకుని ఊరుకుంటుంది. ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. న్యాయవాదితోపాటు కోర్టు ఫీజు భారం కూడా అందులోకే వస్తుంది. తిరువూరులాంటి కోర్టున్న ఊళ్లో దరఖాస్తు చేసుకోవడానికి విజయవాడ దాకా పోనక్కర్లేదు.

మనిషి చనిపోతే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావా వేయవచ్చు. గడువు మరణించిన రోజు నుంచి రెండేళ్లు. పెద్దమనుషుల పంచాయతీ ఎన్ని నెలలు సాగినా ఆ గడువు మాత్రం ఆగదు.